రాత్రి పాస్, పగలు ఫెయిల్: 640 మిల్లీమీటర్ల దూరం చెప్పిన రెండు లెక్కలు

నేపథ్యం

విమాన భాగాలు తయారుచేసే యూనిట్లలో తనిఖీ పని చేస్తూ పదిహేడేళ్లు గడిపాను. ఈ కేసు హైదరాబాద్ పరిసరాల్లోని ఒక మధ్యతరహా మెషినింగ్ యూనిట్‌లో, నేను అక్కడ సీనియర్ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న రోజుల్లో జరిగింది. యూనిట్ పేరు, కస్టమర్ పేరు, మనుషుల పేర్లు, ఆ భాగం ఏ విమానంలోకి వెళ్తుందన్న వివరం వదిలేశాను. కొలతలను కూడా లెక్క చెడకుండా కొద్దిగా మార్చాను. మిగిలినదంతా జరిగింది జరిగినట్టే ఉంది, నా పొరపాట్లతో సహా.

పార్టు ఒక అల్యూమినియం రిబ్. రెక్క నిర్మాణంలో అడ్డంగా, పక్కటెముకలాగా నిలబడే భాగం. 7075-టీ7351 రకం మందపాటి ప్లేటును మెషిన్ మీద బిగించి, అందులో అధిక భాగాన్ని చిప్స్‌గా తీసేస్తే చివరికి మూడు మిల్లీమీటర్ల మందం గోడలతో తేలికైన చట్రం ఒకటి మిగులుతుంది. దాని రెండు చివర్లా ఒక్కో టూలింగ్ రంధ్రం ఉంటుంది. ఈ రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం డ్రాయింగ్ ప్రకారం 640.00 మి.మీ., టాలరెన్స్ (అనుమతించే తేడా) ±0.05 మి.మీ. కస్టమర్ దగ్గర అసెంబ్లీ జిగ్‌లో, అంటే భాగాలను కలిపేటప్పుడు పట్టి ఉంచే చట్రంలో, రిబ్‌ను నిలబెట్టేది ఈ రంధ్రాల్లోకి దిగే పిన్నులే. దూరం తేడా వస్తే పిన్ను దిగదు, బలవంతంగా దింపితే ఆ బలవంతం ఒత్తిడిగా పార్టులోనే ఉండిపోతుంది. 0.05 మి.మీ. అంటే 50 మైక్రాన్లు, సన్నటి తలవెంట్రుక మందం. ఈ కేసంతా అంతకంటే కొంచెం ఎక్కువ, ఒక అరవై డెబ్బై మైక్రాన్ల చుట్టూ తిరుగుతుంది.

కొలిచేది సీఎంఎం మీద, అంటే రూబీ బంతి ఉన్న ప్రోబ్‌తో పార్టును తాకి నిర్దేశాంకాలు తీసుకునే కొలత యంత్రం మీద. అది ఉన్న గదిని 20 డిగ్రీల వద్ద, ఒక డిగ్రీ అటూ ఇటూగా ఉంచుతాం. ఎందుకు ఇరవయ్యే అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. డ్రాయింగ్ మీద రాసి ఉన్న ప్రతి కొలతా, వేరే మాట చెప్పకపోతే, పార్టు 20 డిగ్రీల వద్ద ఉన్నప్పటి కొలతే. 1951లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఒకటో నంబరుతో వెలువరించిన మొట్టమొదటి పత్రం ఈ ఉష్ణోగ్రత గురించే. పార్టు అంతకంటే వేడిగా ఉంటే వ్యాకోచించి పొడవుగా కనిపిస్తుంది. 7075 అల్యూమినియం ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీకి సుమారు 23.5 మైక్రాన్లు పెరుగుతుంది, మామూలు ఉక్కు సుమారు 11.5 మాత్రమే పెరుగుతుంది. ఈ రెండు అంకెలనూ పాఠకులు గుర్తుంచుకోవాలి.

మా సీఎంఎంలో ఉష్ణోగ్రతా సవరణ సదుపాయం ఉంది. పార్టుకు ఒక సెన్సార్ తగిలిస్తే, యంత్రం దాని వేడిని చదివి, ప్రోగ్రామ్‌లో ఇచ్చిన వ్యాకోచ గుణకంతో లెక్క కట్టి, 20 డిగ్రీల వద్ద ఆ పార్టు ఎంత ఉంటుందో రిపోర్టులో ముద్రిస్తుంది. ఈ రిబ్‌కు విమాన పరిశ్రమ ప్రమాణమైన ఏఎస్ 9102 ప్రకారం చేయవలసిన మొదటి పార్టు తనిఖీ డిసెంబర్ నెలాఖరులో పూర్తయింది. రంధ్రాల దూరం 639.98 వచ్చింది. అందరం సంతోషించి సంతకాలు పెట్టాం.

ఫిర్యాదు రాకముందే వచ్చిన గొడవ

ఏప్రిల్‌లో మొదట బయటపడింది మెషిన్‌ను పనికి సిద్ధం చేసే ఇద్దరు సెట్టర్ల మధ్య కయ్యం. పగటి షిఫ్ట్‌లో రిబ్‌లు 639.92 దగ్గర పొట్టిగా వస్తున్నాయని తనిఖీ గది తిప్పి పంపేది. పగటి సెట్టర్ రెండో రంధ్రం స్థానాన్ని 0.08 ముందుకు జరిపేవాడు, ఆ తరువాతి పార్టులు చక్కగా 640.00 వచ్చేవి. రాత్రి షిఫ్ట్ మొదలవగానే అదే ఆఫ్‌సెట్‌తో, అంటే ఆ 0.08 జరుపుతోనే, కోసిన పార్టు 640.07 అని రిపోర్టు వచ్చేది. రాత్రి సెట్టర్ ఆఫ్‌సెట్ తీసేసేవాడు, రీడింగ్ 639.99కి దిగేది. తెల్లారితే మళ్లీ మొదటికి.

"రాత్రోళ్లు ఆఫ్‌సెట్ ముట్టుకోకపోతే చాలు సార్, నా పని నేను చూసుకుంటా" అని ఒకాయన. "పగలు పెట్టిపోయిన ఆఫ్‌సెట్‌తో మొదటి పార్టే రిజెక్టయితే నన్నేం చెయ్యమంటరు సార్?" అని ఇంకొకాయన. ఇద్దరూ నా దగ్గరికే వచ్చారు. నేను ఇద్దరికీ సర్దిచెప్పి పంపాను. ఆఫ్‌సెట్ మార్చిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాయాలన్న నియమం ఒకటి పెట్టి, సమస్య తీరిందనుకున్నాను. నిజానికి ఆ కయ్యంలోనే మొత్తం జవాబు ఉంది. ఒకే మెషిన్, ఒకే ప్రోగ్రామ్, ఒకే సీఎంఎం పగలొక మాట, రాత్రొక మాట చెబుతున్నాయంటే, పగటికీ రాత్రికీ మధ్య మారుతున్నదేమిటని అడగడం మానేసి, మనుషుల మధ్య రాజీ కుదర్చడానికి చూశాను.

మే మొదటి వారంలో కస్టమర్ నుంచి నాన్‌కన్ఫార్మెన్స్ రిపోర్టు, అంటే పార్టులు డ్రాయింగ్‌కు సరిపోలేదన్న ఫిర్యాదు, వచ్చింది. 18 రిబ్‌లు పంపిన ఒక కన్‌సైన్‌మెంట్‌లో ఐదింటి రంధ్రాల దూరం 639.91 నుంచి 639.93 మధ్య ఉందని, అవి జిగ్‌లో కూర్చోలేదని అందులో రాశారు. అవే సీరియల్ నంబర్లకు మేము పంపిన రిపోర్టుల్లో 639.98, 639.99 అని ఉంది.

ఆ రోజు తీసుకున్న మొదటి నిర్ణయం మాత్రం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. కారణం ఇంకా తెలియకపోయినా, మా రిపోర్టును మేమే నమ్మలేని స్థితిలో ఉన్నాం కాబట్టి, గోదాములో ఉన్న రిబ్‌లన్నిటినీ, రిజెక్ట్ చేసి ఎర్ర డబ్బాలో పడేసిన వాటితో సహా, తాళం వేసిన క్వారంటైన్ కేజ్‌లోకి మార్పించాను. రిజెక్టయిన పార్టులను వెంటనే స్క్రాప్‌కు పంపకూడదన్న ఆ మాట తరువాత ఎంత డబ్బు మిగిల్చిందో చెబుతాను.

తప్పుదారిలో మూడు వారాలు

మొదటి అనుమానం, మా వృత్తిలో అందరికీ కలిగేదే, కస్టమర్ కొలతే తప్పయి ఉంటుందని. డేటమ్‌లు (కొలతకు ఆధారంగా తీసుకునే తలాలు) మాలాగే తీసుకున్నారా, పార్టును బిగించి కొలిచారా, వదులుగా పెట్టి కొలిచారా అని ఉత్తరాలు నడిచాయి. చివరికి రెండు పార్టులు వెనక్కి తెప్పించి, ఒక రోజు మా గదిలో ఉంచి కొలిస్తే 639.92 వచ్చింది. వాళ్ల మాటే నిజం. మా సొంత సీఎంఎమ్మే మా సొంత రిపోర్టును కాదంటోంది.

అక్కడ నేను చేసిన తర్కం చూడండి. ఏప్రిల్‌లో 639.985 ఉన్న పార్టు మేలో 639.92 అయింది, కాబట్టి పార్టే మారింది. చుట్టిన ప్లేటులో అంతర్గత ఒత్తిళ్లు ఉంటాయి. టీ7351లో చివరి 51 అన్నది ఆ ఒత్తిళ్లను తగ్గించడానికి ప్లేటును సాగదీశారని చెప్పే గుర్తే అయినా, అధిక భాగం లోహాన్ని తీసేశాక మిగిలిన ఒత్తిడి పార్టును మెల్లగా కదిలిస్తుందన్నది మేమందరం కళ్లారా చూసిన విషయమే. ఈ సిద్ధాంతం నాకు ఎంత నచ్చిందంటే, దాని వెంట పది రోజులు తిరిగాను. ప్లేటు మిల్లు సర్టిఫికెట్లు తీయించాను, హీట్ నంబర్లు (లోహం ఏ కరిగింపులోదో చెప్పేవి) సరిపోల్చాను, కాఠిన్యం, విద్యుద్వాహకత పరీక్షలు మళ్లీ చేయించాను. అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి.

ఆ సిద్ధాంతం నిలవదని చెప్పే సాక్ష్యం మొదటి రోజు నుంచీ నా బల్ల మీదే ఉంది. ఒత్తిడి విడుదలైతే పార్టు వంగుతుంది లేదా మెలి తిరుగుతుంది, ముందుగా చెడేది చదును. వెనక్కి వచ్చిన రెండు రిబ్‌ల చదునూ పాత రిపోర్టుకు పది మైక్రాన్ల తేడాలోనే ఉంది. పైగా ఒత్తిడి ఒక్కో పార్టును ఒక్కో తీరుగా కదిలించాలి గానీ, ఐదు పార్టులనూ ఒకే దిశలో, ఒకే అరవై డెబ్బై మైక్రాన్లు కుదించడం జరిగే పని కాదు. కారణం వెతికేటప్పుడు దానికి అనుకూలమైన సాక్ష్యాన్నే పోగు చేశాను, అది తప్పయితే ఏం కనిపించాలో ముందు రాసుకోలేదు.

రెండో ప్రయత్నం గేజ్ ఆర్ అండ్ ఆర్, అంటే ఒకే పార్టును వేర్వేరు మనుషులు మళ్లీ మళ్లీ కొలిస్తే అంకెలు ఎంత దగ్గరగా వస్తాయో చూసే అధ్యయనం. ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు, పది పార్టులు, ఒక్కొక్కటి మూడుసార్లు. ఫలితం పది శాతం లోపే వచ్చింది, పాఠ్యపుస్తకం ప్రకారం కొలత పద్ధతి బ్రహ్మాండంగా ఉంది. ఆ కాగితాన్ని మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో గర్వంగా చూపించాను కూడా. కానీ ఆ అధ్యయనం కొలతలు ఎంత నిలకడగా వస్తున్నాయో చెబుతుంది గానీ, అవి నిజానికి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పదు. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. తొంభై కొలతలకు తీరిక కావాలి కాబట్టి పదింటినీ ముందు రోజే గదిలోకి తెచ్చి అరలో పెట్టుకున్నాం. అంటే, సమస్య పుట్టే పరిస్థితిని మేమే శుభ్రంగా తీసేసి, సమస్య లేదని రుజువు చేసుకున్నాం.

మూడోది మనిషి మీద అనుమానం, ఇది రాయడానికి ఇప్పటికీ ఇబ్బందిగా ఉంది. ఫిర్యాదుకు గురైన ఐదు రిపోర్టుల మీదా ముద్రించిన సమయం రాత్రి ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్య ఉంది, ఐదింటి మీదా స్టాంప్ ఒకరిదే. రంధ్రంలో బర్ (కోత అంచున మిగిలే లోహపు ముల్లు) సరిగా తీయలేదేమో, ప్రోబ్ తుడవలేదేమో, నిద్రమత్తులో సెన్సార్ తగిలించలేదేమో అని మాటలు మొదలయ్యాయి. స్టాంప్ వెనక్కి తీసుకోమని పై నుంచి సూచన వచ్చింది. మా పనిలో స్టాంప్ నంబరే మనిషి పేరు. అది తీసుకుంటే, తరువాత తిరిగి ఇచ్చినా, ఆ మచ్చ పోదు. నేను ఒప్పుకోలేదు గానీ పూర్తిగా అడ్డుపడనూ లేదు. మధ్యేమార్గంగా, అనుభవం ఉన్న పగటి ఇన్‌స్పెక్టర్ ఒకరిని వారం రోజులు రాత్రికి వేశాను. ఆయనకూ ఆఫ్‌సెట్ ఉన్న పార్టు 640.07 వచ్చింది, ఆఫ్‌సెట్ లేనిది 639.99 వచ్చింది. మనిషి మారినా అంకె మారలేదంటే తప్పు మనిషిది కాదని ఆ క్షణమే తేలిపోయింది. మేము మాత్రం 'ఈ ప్రయత్నమూ ఫలించలేదు' అని మినిట్స్‌లో రాసుకున్నాం.

పార్టు చల్లారుతుండగా

ఆ వారంలోనే ఒక రాత్రి ఒంటిగంటన్నరకు నేను తనిఖీ గదికి వెళ్లాను. పెద్ద ఆలోచనతో వెళ్లలేదు, ఇంకేం చేయాలో తోచక వెళ్లాను. షాప్ ఫ్లోర్‌లో గోడ మీది థర్మామీటర్ 32 చూపిస్తోంది, మే నెలలో మా దగ్గర అది మామూలే. మెషిన్ తలుపు తెరుచుకుంది, రిబ్ బయటికి వచ్చింది, కూలెంట్‌ను ఎయిర్ గన్‌తో ఊదేశారు, గుడ్డతో తుడిచారు, బర్ తీశారు, పది నిమిషాల్లో అది గ్రానైట్ బల్ల మీద ఉంది. రాత్రి వరసలో వేరే పని లేదు కాబట్టి వేచి ఉండాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు. నేను గ్లవ్ తీసి పార్టును పట్టుకున్నాను. ఆ చల్లటి గదిలో అది చేతికి స్పష్టంగా గోరువెచ్చగా తగిలింది.

రాత్రి ఇన్‌స్పెక్టర్ నా ముఖం చూసి అన్నాడు: "రాత్రి పూట అన్నీ ఇట్లనే వెచ్చగ వస్తయి సార్. సెన్సార్ పెడుతున్నం గదా, అదే సవరించుకుంటదని ట్రైనింగ్‌ల చెప్పిండ్రు." ఆ ట్రైనింగ్ ఇచ్చినవాళ్లలో నేనూ ఒకడిని.

పగలు సంగతి వేరు. పగటి పూట సీఎంఎం ముందు నాలుగైదు ఆర్డర్ల పార్టులు క్యూలో ఉంటాయి, రిబ్ వంతు వచ్చేసరికి మూడు నాలుగు గంటలు అరలో కూర్చుని చల్లబడిపోతుంది. దాన్ని ఎవరూ నియమంగా పెట్టలేదు, రద్దీ వల్ల అలా జరిగిపోతోంది. కాగితం మీద మాత్రం 'కొలవడానికి ముందు పార్టు ఉష్ణోగ్రత స్థిరపడాలి' అని ఒక వాక్యం ఉంది, ఎంతసేపు, ఎన్ని డిగ్రీలకు అన్నది లేదు.

అయినా వెచ్చదనం ఒక్కటే జవాబు కాదు. సెన్సార్ తగిలించే ఉంది, సవరణ జరుగుతూనే ఉంది. సవరణ సరిగా ఉంటే పార్టు వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా రిపోర్టులో ఒకే అంకె రావాలి. ఈ మాట పైకి అనుకున్నాక చేయాల్సిన పరీక్ష తనంతట తానే తోచింది. ఆఫ్‌సెట్ లేకుండా కోసిన ఒక రిబ్‌ను మెషిన్ నుంచి నేరుగా తెచ్చి బల్ల మీద పెట్టి, ఇక కదిలించకుండా, రెండు రంధ్రాలను మాత్రమే కొలిచే చిన్న ప్రోగ్రామ్‌ను తెల్లవారేదాకా మళ్లీ మళ్లీ నడిపించాం. పార్టు 28.7 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు 639.985 వచ్చింది. అరగంటకు 25.1 డిగ్రీలు, 639.957. గంటకు 22.8 డిగ్రీలు, 639.939. రెండు గంటలకు 20.9 డిగ్రీలు, 639.924. మూడు గంటలకు 20.3 డిగ్రీల వద్ద 639.919. నిలకడగా ఉండాల్సిన అంకె పార్టుతో పాటే దిగిపోతూ వచ్చింది. కస్టమర్ చెప్పిన 639.92 మా కళ్ల ముందే, ఒక్కో మైక్రాన్‌గా, తయారైంది.

తరువాత లెక్క కాగితం వెనకాల వేశాం. 8.4 డిగ్రీలకు 66 మైక్రాన్లు, అంటే డిగ్రీకి 7.9 మైక్రాన్లు. దాన్ని 0.64 మీటర్లతో భాగిస్తే మీటరుకు, డిగ్రీకి సుమారు 12. సవరణ అసలు జరగకపోయి ఉంటే ఇక్కడ 23.5 రావాలి, పూర్తిగా జరిగి ఉంటే సున్నా రావాలి. 12 అంటే సగం సవరణే జరిగింది. 23.5లోంచి 11.5 తీసేస్తే 12. ఇన్‌స్పెక్టరూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకుని ప్రోగ్రామ్ మొదటి పేజీ తెరిచాం. వ్యాకోచ గుణకం గడిలో 11.5 అని ఉంది. అంతకు ముందు చేసిన ఒక ఉక్కు బ్రాకెట్ ప్రోగ్రామ్‌ను కాపీ చేసి, కొలతల వరుసలు మార్చి, ఈ రిబ్ ప్రోగ్రామ్ తయారుచేశారు. ఆ గడి మాత్రం ఉక్కుదే ఉండిపోయింది. ప్రోగ్రామ్ ఆమోద పత్రం మీద 'పరిశీలించినవారు' అన్న చోట ఉన్న సంతకం నాది.

ఇక్కడ రెండు తప్పులు కలిశాయి. గుణకం తప్పుగా ఉన్నా పార్టు 20 డిగ్రీలకు చల్లారి ఉంటే సవరించాల్సిందేమీ ఉండదు, పగటి రిపోర్టులు అందుకే నిజం చెప్పాయి. పార్టు వెచ్చగా ఉన్నా గుణకం సరిగా ఉంటే పొరపాటు ఇంత పెద్దది కాదు. ఏ ఒక్కటీ ఒంటరిగా పట్టుబడలేదు, రాత్రి పూట రెండూ కలిసినప్పుడే 65 మైక్రాన్ల అబద్ధం పుట్టింది.

మరి పార్టులు అసలు పొట్టిగా ఎందుకు తయారవుతున్నాయన్న ప్రశ్న మిగిలింది. నా మటుకు ఈ కేసులో అన్నిటికంటే లోతైన విషయం ఇదే. రిబ్‌ను కోసే మెషినింగ్ సెంటర్ తన కదలికను కొలుచుకునే స్కేలు దాదాపు ఉక్కులాగానే వ్యాకోచిస్తుంది. మెషినూ, కూలెంటూ, పార్టూ అన్నీ 31 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఆ స్కేలు మీద 640.00 దగ్గర రంధ్రం వేస్తే, స్కేలు ఉక్కు లెక్కన పెరిగి ఉంటుంది, పార్టు అల్యూమినియం లెక్కన పెరిగి ఉంటుంది. చల్లారాక పార్టు తేడా మేర, అంటే 12ను 0.64తోనూ 11తోనూ గుణిస్తే వచ్చే 84 మైక్రాన్ల మేర పొట్టిదవుతుంది. ఉక్కు గుణకంతో వెచ్చటి పార్టును కొలిచిన సీఎంఎం కూడా సరిగ్గా అదే పొరపాటును, దాదాపు అంతే మోతాదులో చేస్తోంది. అందుకే రాత్రి పూట మెషినూ సీఎంఎమ్మూ చక్కగా ఏకీభవించాయి. ఒక పరికరం మాటను ఇంకో పరికరంతో ధ్రువపరచుకున్నామని అనుకున్నాం గానీ, ఆ రెండూ ఒకే కారణం చేత ఒకే వైపు తప్పుతున్నాయని గ్రహించలేదు. డిసెంబర్‌లో షాప్ ఉష్ణోగ్రత 23 దగ్గర ఉండేది, అప్పటి తేడా 23 మైక్రాన్లు, టాలరెన్స్‌లో ఇమిడిపోయింది. మొదటి పార్టు తనిఖీ అబద్ధం చెప్పలేదు, చలికాలం గురించి మాత్రమే చెప్పింది.

సరిదిద్దిన తీరు

గుణకాన్ని 23.5కు మార్చడానికి ఒక నిమిషం పట్టింది. దానితో సరిపెట్టుకోవచ్చా అన్న చర్చకు రెండు రోజులు పట్టింది. ఇక సవరణ సరిగా ఉంది కదా, వెచ్చటి పార్టునే కొలుచుకుంటే మూడు గంటలు మిగులుతాయని ప్రొడక్షన్ వాళ్ల వాదన. సెన్సార్ పార్టును ఒక్క చోటే తాకుతుంది. పలుచటి గోడ ముందు చల్లారుతుంది, రంధ్రాలున్న మందపాటి చివరలు ఆలస్యంగా చల్లారుతాయి. సెన్సార్ చూసిన వేడికీ రంధ్రాల మధ్య ఉన్న సగటు వేడికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నా 15 మైక్రాన్లు, మా టాలరెన్స్‌లో దాదాపు మూడో వంతు, గాలికి పోతాయి. కాబట్టి సవరణ ఉండాలి, అది సవరించాల్సింది మాత్రం ఒక డిగ్రీకి మించకూడదు అన్నదే నా నిర్ణయం. నియమాన్ని గంటల్లో రాయకుండా డిగ్రీల్లో రాశాం. రెండు చివర్లా సెన్సార్ పెట్టి, రెండు రీడింగులూ 19 నుంచి 21 మధ్య ఉంటేనే ప్రోగ్రామ్ మొదలవుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ప్రొడక్షన్ కోసం గదిలో ఒక తీగల అర పెట్టించి, చిన్న ఫ్యాన్ అమర్చాం, చల్లారే సమయం గంటన్నర దాకా తగ్గింది.

మెషిన్ వైపు మొదట చేసింది విఫలమైంది. షాప్ ఉష్ణోగ్రతను బట్టి ఎంత ఆఫ్‌సెట్ వేయాలో ఒక పట్టిక రాసి మెషిన్‌కు అంటించాం. రెండు వారాల్లో ఒకసారి ప్లస్ వేయాల్సిన చోట మైనస్ వేశారు, ఇంకోసారి గోడ థర్మామీటర్ చూశారు గానీ కూలెంట్ వేడి చూడలేదు. తెల్లవారుజామున నాలుగింటికి మనిషి చేత గుర్తు సరిచూసుకుంటూ తీసివేతలు చేయించే పద్ధతి పద్ధతి కాదు. తరువాత, అదే ప్లేటులోంచి కోసిన ఒక అల్యూమినియం కడ్డీకి రెండు రంధ్రాలు వేయించి, ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఆ దూరాన్ని కేలిబ్రేట్ చేయించి, పార్టును బిగించే ఫిక్స్చర్ పక్కనే కూలెంట్ తడిసేలా బిగించాం. రంధ్రాలు వేసే ముందు మెషిన్ ప్రోబ్ ఆ కడ్డీని తాకి చూసి, తేడాను బట్టి స్కేలును తానే సవరించుకుంటుంది. కడ్డీ పార్టుతో సమానంగా వేడెక్కుతుంది, సమానంగా పెరుగుతుంది కాబట్టి ఉష్ణోగ్రత ఎంతో ఎవరికీ తెలియనక్కర్లేదు. ఈ ఏర్పాటు సూచించింది ఆ ఇద్దరు సెట్టర్లలో రాత్రి సెట్టర్. ఆయనకు పాత యూనిట్‌లో చూసిన అనుభవం ఉంది, నేను అంతకు ముందు ఎప్పుడూ అడగలేదు.

క్వారంటైన్ కేజ్‌లోని పార్టులన్నిటినీ చల్లారాక మళ్లీ కొలిచాం. 'పొడవు ఎక్కువ' అని రాత్రుళ్లు రిజెక్ట్ చేసిన ఏడు రిబ్‌లూ మంచివే. ఎర్ర డబ్బాను రోజూ ఖాళీ చేసే పాత అలవాటు కొనసాగి ఉంటే ఆ ఏడూ తుక్కు కింద కిలోల లెక్కన వెళ్లిపోయేవి.

అసలు కష్టం ముందే పంపేసిన పార్టుల దగ్గర వచ్చింది. ఫిర్యాదు ఐదింటి మీదే ఉంది. అడగని వాటి గురించి మనమే ఎందుకు ఎత్తాలన్న ప్రశ్న మీటింగ్‌లో మర్యాదగానే వచ్చింది. విమాన పరిశ్రమ నాణ్యతా వ్యవస్థకు చెందిన ఏఎస్ 9100 ప్రమాణం, డెలివరీ అయిన పార్టుల్లో లోపం ఉందని తెలిస్తే సకాలంలో కస్టమర్‌కు చెప్పాలనే అంటుంది. నేను మాత్రం ప్రమాణాన్ని చదివి వినిపించలేదు. మన దగ్గర లెక్క ఉంది, చెప్పగలిగింది కచ్చితంగా చెబుదాం అన్నాను. అదృష్టవశాత్తూ ప్రతి రిపోర్టులోనూ కొలిచే వేళ సెన్సార్ చదివిన పార్టు ఉష్ణోగ్రత నమోదై ఉంది. గుణకం ఎంత తప్పో తెలుసు, ఉష్ణోగ్రత తెలుసు, కాబట్టి మార్చి నుంచి పంపిన 47 రిబ్‌లలో ప్రతిదాని అసలు కొలతనూ పది మైక్రాన్ల లోపు తేడాతో తిరిగి లెక్కకట్టగలిగాం. పదకొండు సీరియల్ నంబర్లు పరిమితి దాటి ఉంటాయని జాబితా రాసి పంపాం. కస్టమర్ కొలిస్తే పది దాటాయి, ఒకటి సరిగ్గా గీత మీద నిలబడింది. ఆ ఉత్తరం తరువాత వాళ్లు మా మిగతా రిపోర్టులను తిరగేసి చూడలేదు. ఆ పదింటిలో వాడదగినవేవి, పక్కన పెట్టాల్సినవేవి అన్నది వాళ్ల డిజైన్ ఇంజనీర్లు తేల్చుకున్నారు. ఆ నిర్ణయం మాది కాదు, కాకూడదు కూడా.

మిగతా ప్రోగ్రామ్‌ల సంగతి చూడాల్సి వచ్చింది. అన్నిటినీ తెరిచి గుణకాలు సరిచూశాం గానీ, తప్పు దొరికిన ప్రతిచోటా పార్టులను మళ్లీ కొలవలేదు. పొడవు, గుణకాల మధ్య తేడా, తొమ్మిది డిగ్రీలు, ఈ మూడింటినీ గుణిస్తే వచ్చేది టాలరెన్స్‌లో పదో వంతు దాటితేనే మళ్లీ కొలవాలని గీత గీసుకున్నాం. 90 మి.మీ. అల్యూమినియం బ్రాకెట్ ఒకదానికి ఉక్కు గుణకమే ఉంది, కానీ పొరపాటు పది మైక్రాన్లు, టాలరెన్స్ 0.2 మి.మీ., వదిలేశాం. 260 మి.మీ. టైటానియం ఫిట్టింగ్‌కూ ఉక్కుదే ఉంది. టైటానియం మిశ్రమం ఉక్కు కంటే తక్కువగా, సుమారు 8.6 మాత్రమే పెరుగుతుంది కాబట్టి అక్కడ సవరణ ఎక్కువై రీడింగ్ పొట్టిగా వస్తుంది, అదీ ఏడు మైక్రాన్లే. 410 మి.మీ. అల్యూమినియం పార్టు ఒకటి మాత్రం గీత దాటింది. స్టాకులో ఉన్నవి మళ్లీ కొలిచి, పంపినవాటి లెక్క సంబంధిత కస్టమర్‌కు రాశాం.

తరువాత మారినవి

సీఎంఎం ప్రోగ్రామ్ ఆమోద పత్రంలో ఇప్పుడు లోహం పేరు, గుణకం, రెండూ చేత్తో రాయాల్సిన గడులు ఉన్నాయి. ముద్రించి ఉన్నదాని పక్కన టిక్కు పెట్టనివ్వం, ఎందుకంటే నేను ఆనాడు పెట్టింది టిక్కే. కాపీ చేసిన ప్రోగ్రామ్ తెరిస్తే ఆ గడి ఖాళీ అయిపోయేలా మార్పించాం, నింపేదాకా అది నడవదు.

గేజ్ ఆర్ అండ్ ఆర్ చేసేటప్పుడు కనీసం మూడో వంతు కొలతలు రాత్రి షిఫ్ట్‌లో, మామూలుగా పార్టులు వచ్చే తీరులోనే తీసుకుంటున్నాం. శాతం కొంచెం పెరిగింది. మీటింగ్‌లో చూపించడానికి మునుపంత అందంగా లేదు గానీ షాపులో జరుగుతున్నదే అందులో కనిపిస్తోంది. మొదటి పార్టు తనిఖీ చలికాలంలో జరిగిన ఆర్డర్లకు ఏప్రిల్‌లో ఇంకొకసారి పొడవైన కొలతలు మాత్రం సరిచూస్తాం. ఇది ఏ ప్రమాణంలోనూ లేదు, మా ఊరి ఎండ కోసం మేము పెట్టుకున్నది.

షిఫ్ట్‌ల మధ్య రీడింగుల తేడాకు ఒక రిజిస్టర్ ఉంది. అప్పట్లో సెట్టర్ల కయ్యాన్ని చల్లార్చడానికి పెట్టిన ఆఫ్‌సెట్ రిజిస్టరే అది. ఇప్పుడు ఆఫ్‌సెట్ పక్కన పార్టు ఉష్ణోగ్రత కూడా రాస్తారు. వారానికొకసారి దాన్ని చదివి సంతకం పెట్టే పని ఆ రాత్రి ఇన్‌స్పెక్టర్‌కు అప్పగించాం. మొన్న జూన్‌లో ఆయన ఒక వరుస కింద ఎర్ర గీత గీసి నా బల్ల మీద పెట్టాడు: రెండు చివర్ల సెన్సార్లకూ మధ్య 0.8 డిగ్రీల తేడా, మూడు రాత్రులుగా, ఎప్పుడూ ఒకే వైపు. వెళ్లి చూస్తే చల్లార్చే అరకు ఎదురుగా ఎవరో కొత్త ప్రింటర్ పెట్టారు.